ఎర్ర బంగారం మీద ఆకుపచ్చ లేజర్: కొలిచింది బంగారాన్నా, వేడినా?

మందుల షాపులో కొన్న ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ మీద ఎర్రగా తేలే గీతని ఊపిరి బిగబట్టి చూసినవాళ్లు చాలామందే ఉంటారు. కోవిడ్ రోజుల్లో అలాంటి గీత రెండోది రాకూడదని ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. ఆ ఎరుపు సిరాది కాదు. చాలా కిట్లలో అది బంగారం. కంటికి ఆననంత సన్నటి బంగారు రేణువులు ఒక గీత దగ్గర పోగుపడితే అలా ఎర్రగా కనిపిస్తాయి.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకి బంగారం ఎర్రగా ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. కొండ మీద ఆనంద నిలయం విమానం ఎండలో ధగధగలాడేది పసుపుపచ్చగానే. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల నగల కొట్లలో అద్దాల వెనక మెరిసేదీ పసుపుపచ్చే. అదే లోహం కొన్ని నానోమీటర్ల (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు) ముక్కలైతే దానిమ్మరసం రంగుకి మారుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఎర్ర నీళ్ల గుండా మామూలు వెలుతురు పోయినప్పుడు ఒక లెక్క, బలమైన లేజర్ పోయినప్పుడు మరో లెక్క. ఆ రెండో లెక్కనే నాన్‌లీనియర్ ఆప్టిక్స్ అంటాం. పాఠ్యపుస్తకాల తెలుగులో అరేఖీయ దృశాశాస్త్రం.

నేను ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి సాయంత్రం ల్యాబు మూసే వేళకి గ్రాఫు పట్టుకుని వచ్చింది. "సార్, నాన్‌లీనియర్ వచ్చేసింది! పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది" అంది. నిజమే, గ్రాఫు చక్కగా ఉంది. ముందొక శిఖరం, వెనక ఒక లోయ. కొలత తప్పు కాదు. ఆ కొలత దేన్ని చూపిస్తోందన్న దగ్గరే చిక్కు. ఆ చిక్కు విప్పడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అప్పుడు మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ పొరపాటు ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు, అచ్చయిన పరిశోధనా పత్రాల్లో కూడా కనిపిస్తుంది.

రాజద్రావకం నుంచి ఎర్ర నీళ్ల దాకా

పాత నగల నుంచి మేలిమి తీసేవాళ్లకి రాజద్రావకం తెలిసిందే. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక వంతు నైట్రిక్ ఆమ్లం కలిపితే, ఆ రెండిట్లో దేనికీ విడిగా లొంగని బంగారం కరిగిపోతుంది. నానో రేణువుల తయారీ కూడా అలా కరిగిన బంగారు లవణంతోనే మొదలవుతుంది. ఆ లవణాన్ని నీళ్లలో చాలా పలచగా కలిపి, మరుగుతున్నప్పుడు సోడియం సిట్రేట్ పోస్తారు. నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లానికి అది లవణం. లేత పసుపు రంగు మొదట పోతుంది. కాసేపటికి నీళ్లు నీలి బూడిద రంగుకి తిరుగుతాయి. ఇంకొన్ని నిమిషాలకి దానిమ్మరసంలా ఎర్రబడతాయి. 1951లో జాన్ టర్కెవిచ్ బృందం వివరించిన ఈ పద్ధతినే నేటికీ కాలేజీ ల్యాబుల్లో వాడుతున్నాం. సుమారు 15 నుంచి 20 నానోమీటర్ల గుండ్రటి రేణువులు వస్తాయి. సిట్రేటే వాటికి పూతలా అంటుకుని, ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వకుండా కాపాడుతుంది. ఆ నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే ఆ కాపు పోయి రేణువులు గుంపు కడతాయి, ఎరుపు నీలంగా మారిపోతుంది. పిల్లలకి చూపించాల్సిన ప్రయోగం ఇది.

టర్కెవిచ్ కంటే దాదాపు వందేళ్ల ముందే, 1857లో, మైకేల్ ఫారడే లండన్‌లో ఫాస్ఫరస్‌తో ఇలాంటి ఎర్ర బంగారు నీళ్లు చేశాడు. బంగారం అలాగే ఉండి, ముక్కలు సన్నబడినందువల్లే రంగు మారిందని గ్రహించాడు. ఎలక్ట్రాన్ అనే మాటే లేని కాలంలో ఆ మాట అనగలిగాడు. ఆయన చేసిన సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

సైజు ఊహకి అందాలంటే చిన్న లెక్క వేద్దాం. 15 నానోమీటర్ల బంగారు గుండులో సుమారు లక్ష పరమాణువులు ఉంటాయి. ఒక్క మిల్లీగ్రాము బంగారంతో అలాంటి గుండ్లు దాదాపు 29 లక్షల కోట్లు చేయొచ్చు. ఒక గ్రాము బంగారాన్ని మొత్తం ఇలా చేస్తే వాటి పైతలం కలిపి 20 చదరపు మీటర్లు దాటుతుంది. అంటే ఒక పెద్ద గది నేలంత. కంసాలి దుకాణం ముందు మట్టి కడిగి రజను ఏరుకునేవాళ్లకి దొరికే అతి సన్నటి రేణువు కూడా దీని ముందు బండరాయే.

బిందెలో నీళ్లు

నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడిచినవాళ్లకి ఒక సంగతి అనుభవమే. ఒక రకం నడకకి నీళ్లు కదలవు. ఇంకో రకం నడకలో, అడుగు వేసిన ప్రతిసారీ నీళ్లు ఎగసి చీర తడిసిపోతుంది. బిందెలో నీళ్లకి సొంత ఊపు ఒకటి ఉంటుంది. అడుగుల వేగం దానితో కలిసిందా, చిన్న అడుగుకే పెద్ద ఎగుడు వస్తుంది. ఇదే అనునాదం.

బంగారు రేణువు బిందె, అందులో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు నీళ్లు, కాంతి తరంగం అడుగులు. తరంగం వచ్చినప్పుడు ఎలక్ట్రాన్లన్నీ మూకుమ్మడిగా ఒక పక్కకి ఒరుగుతాయి, మళ్లీ రెండో పక్కకి. నీళ్లలో ఉన్న చిన్న గుండ్రటి బంగారు రేణువులకి ఈ ఊపు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతితో కలుస్తుంది. ఆకుపచ్చని మింగేసి ఎరుపుని వదులుతుంది కాబట్టే ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. దీన్ని సర్ఫేస్ ప్లాస్మాన్ అంటారు. గుండ్రటి రేణువు కాంతిని ఎలా మింగుతుందో, ఎలా చెదరగొడుతుందో 1908లో గుస్తావ్ మీ సమీకరణాల్లో రాసిపెట్టాడు.

బిందె ఆకారం మారిస్తే ఊపు మారుతుంది కదా. అలాగే గుండు బదులు కడ్డీలా చేస్తే, పొడవు దిక్కున ఊపు నెమ్మదిస్తుంది. అప్పుడు అది మింగే కాంతి ఎరుపు దాటి పరారుణం దాకా పోతుంది. వైద్యంలో కడ్డీలకి గిరాకీ ఉన్నది అందుకే, పరారుణ కాంతి శరీరంలో ఎక్కువ లోతుకి దిగుతుంది.

ఇంతవరకూ చెప్పింది మామూలు లెక్కే. వెలుతురు రెట్టింపు చేస్తే మింగేదీ రెట్టింపు, బయటికి వచ్చేదీ రెట్టింపు. రంగు మారదు. ఫారడే సీసా పగలు చూసినా దీపం పెట్టి చూసినా అదే ఎరుపు.

మైకు సెట్టు గరగరలాడినప్పుడు

గంగమ్మ జాతర రోజుల్లో వీధి వీధికీ మైకు సెట్లు ఉంటాయి. సౌండు ఒక హద్దులో ఉన్నంతసేపూ పాడేవాళ్ల గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఎవరో ఉత్సాహం పట్టలేక సౌండు చివరిదాకా తిప్పుతారు. అప్పుడు స్పీకరు గరగరలాడుతుంది. ఆ గరగర పాడేవాళ్ల గొంతులో లేదు. స్పీకరు పొర దాని హద్దు దాటి ఊగలేక, లోపలికి వచ్చిన స్వరంలో లేని కొత్త స్వరాల్ని పుట్టించింది. పెట్టిన దానికి తగ్గట్టు రాకపోవడం ఒకటి, లేని స్వరాలు పుట్టడం ఒకటి. అరేఖీయత అంటే ఈ రెండూ.

కాంతి విషయంలో ఆ సౌండు బటన్ ఎంత దూరం తిప్పాలో అంకెల్లో చూద్దాం. నడి ఎండలో నేల మీద పడే సూర్యకాంతి చదరపు మీటరుకి సుమారు 1,000 వాట్లు. అందులో విద్యుత్ క్షేత్రం మీటరుకి 900 వోల్టులకి కాస్త తక్కువ. పరమాణువులో ఎలక్ట్రాన్‌ని పట్టి ఉంచే క్షేత్రం మీటరుకి సుమారు 50,000 కోట్ల వోల్టులు. ఏనుగు వీపు మీద చీమ నడిచినట్టు. సూర్యకాంతితో ఎలక్ట్రాన్లు హద్దు దాటి ఊగే ప్రసక్తే లేదు. ఇప్పుడు 7 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) మాత్రమే వెలిగి ఆరిపోయే లేజర్ పల్సు ఒకటి తీసుకోండి. అందులో శక్తి 100 మైక్రోజౌళ్లే, కానీ దాన్ని 20 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న చుక్కలోకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 100 కోట్ల వాట్లు. ఎండ కంటే 1,000 కోట్ల రెట్లు. క్షేత్రం మీటరుకి 8 కోట్ల వోల్టులు దాటుతుంది. పరమాణు క్షేత్రంతో పోలిస్తే ఇంకా తక్కువే, అయినా ఎలక్ట్రాన్ల ఊగులో తేడా ఇక దాగదు.

అందుకే ఈ శాస్త్రం లేజర్ వచ్చాకే పుట్టింది. 1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. మరుసటి ఏడాదే మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం 694 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపి, సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం, అంటే 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పట్టుకుంది. ఫోటో ప్లేటు మీద అది మసక చుక్క. పత్రిక అచ్చు వేసేవాళ్లు దాన్ని మరక అనుకుని చెరిపేశారు. ఆ శాస్త్రానికి మొదటి సాక్ష్యమైన చుక్క అచ్చయిన బొమ్మలో లేదు!

పౌనఃపున్యం రెట్టింపు కావడం అంటే సంగీతంలో ఒక స్థాయి పైకి పోవడం. నాదస్వరం మెల్లగా ఊదితే ఒక షడ్జమం, గట్టిగా ఊదితే పై షడ్జమం పలికినట్టు. ఇది మనకి దూరపు విషయం కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడ లైడార్ పనిచేసే రాత్రుల్లో ఆకుపచ్చ లేజర్ నిట్టనిలువుగా ఆకాశంలోకి పోతుంది, పై గాలి పొరల నుంచి వెనక్కి వచ్చే కాస్త వెలుతురుని పట్టి అక్కడి సంగతులు తెలుసుకుంటారు. ఆ లేజర్ పుట్టుకతో ఆకుపచ్చ కాదు. 1064 నానోమీటర్ల కంటికి కనపడని పరారుణ కాంతి, ఒక స్ఫటికంలో రెట్టింపై 532 నానోమీటర్ల ఆకుపచ్చగా బయటికి వస్తుంది. ఆ దారిన బస్సులో పోతూ ఆ గీత చూసినవాళ్లు నాన్‌లీనియర్ ఆప్టిక్స్‌ని కళ్లారా చూసినట్టే.

ఇలా రెట్టింపు చేయడానికి స్ఫటికం లోపలి అమరిక ఒక పక్కకీ ఇంకో పక్కకీ తేడాగా ఉండాలి. గుండ్రటి బంగారు రేణువుకి ఎటు చూసినా ఒకే రూపం, కాబట్టి దాని పొట్టలో ఈ పని జరగదు, పైతలం దగ్గర మాత్రం కొద్దిగా జరుగుతుంది. అందువల్ల బంగారు ద్రావణాల్లో మేం ఎక్కువగా వెతికేది తర్వాతి మెట్టుని, మూడో తరగతి (థర్డ్ ఆర్డర్) అరేఖీయతని. అది రెండు రూపాల్లో కనిపిస్తుంది. వెలుతురు తీవ్రత పెరిగేకొద్దీ పదార్థం మింగే పాలు మారడం ఒకటి, కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం మారడం ఇంకొకటి.

బంగారం మీద ఇంత ఆశ ఎందుకంటే, ఇందాకటి బిందె ఊపు వల్లే. అనునాదం దగ్గర రేణువు లోపలి క్షేత్రం బయటి క్షేత్రం కంటే పెద్దది. మూడో తరగతి ప్రభావం ఆ పెరుగుదలకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో రికార్, రూసినోల్, ఫ్లిట్జానిస్ 1985లో లోహపు కొలాయిడ్లలో, అంటే సన్నటి లోహ రేణువులు తేలే ద్రావణాల్లో, ఈ పెరుగుదలని చూపించారు. కానీ ఇక్కడ కాస్త నిదానించాలి. నీళ్లలో గుండ్రటి బంగారానికి 532 నానోమీటర్ల దగ్గర లెక్క కడితే లోపలి క్షేత్రం పెరిగేది సుమారు రెండు రెట్లే. నాలుగో ఘాతం అంటే 16. తక్కువేం కాదు, కానీ చాలాచోట్ల చదివే 'వేల రెట్ల పెరుగుదల' ఇది కాదు. అలాంటివి కడ్డీల కొసల దగ్గర, రెండు రేణువుల మధ్య సందుల్లో మాట. ఏ ఆకారం, ఏ రంగు కాంతి అని చెప్పకుండా పెద్ద అంకె ఒకటి పడేయడం నాకు నచ్చదు.

చలివేంద్రం దగ్గర జనం

మింగే పాలు మారడం అంటే ఏమిటో చెప్పడానికి ఆ అమ్మాయికి నేను చలివేంద్రం ఉదాహరణ ఇచ్చాను. మే నెల ఎండలో పది మంది వాలంటీర్లు మజ్జిగ గ్లాసులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. జనం ఒకరొకరుగా వస్తుంటే పది మందిలో తొమ్మిది మందిని ఆపి తాగిస్తారు. ఒక్కసారిగా రైలు దిగిన గుంపు మొత్తం వచ్చిందనుకోండి. ఉన్న పది గ్లాసులూ పది మందికి పోతాయి. గ్లాసు మళ్లీ నిండేలోపు మిగతావాళ్లు తాగకుండానే దాటిపోతారు. అలాగే తీవ్రత పెరిగితే మింగే పాలు తగ్గి, దాటిపోయే కాంతి పెరుగుతుంది. దీన్ని సాచురబుల్ అబ్జార్ప్షన్, సంతృప్త శోషణ అంటారు.

దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. ఒక గ్లాసు తాగినవాడు రుచి మరిగి అక్కడే నిలబడి ఇంకో రెండు అడిగినట్టు. ఒకసారి కాంతిని మింగి ఉత్తేజితమైన ఎలక్ట్రాన్, ఆ స్థితిలో ఇంకా ఎక్కువ మింగగలిగితే, తీవ్రత పెరిగేకొద్దీ దాటే కాంతి తగ్గుతుంది. ఇది విలోమ సంతృప్త శోషణ.

బంగారం వింత ఏమిటంటే, ఒకే సీసాలో రెండూ కనిపిస్తాయి. ఒక మాదిరి తీవ్రత దగ్గర ప్లాస్మాన్ ఊపు చెదిరి ద్రావణం పలచబడినట్టు అవుతుంది. తీవ్రత ఇంకా పెంచితే కథ తిరగబడి, మరింత గట్టిగా అడ్డం పడుతుంది. ఈ రెండో గుణాన్ని కెమెరా సెన్సర్లనీ కళ్లనీ లేజర్ దెబ్బ నుంచి కాపాడే తెరలుగా వాడుకోవచ్చు. మామూలు వెలుతురుని పోనిచ్చి, ప్రమాదమైన వెలుతురు వస్తే తనంతట తానే అడ్డం పడే తెర. మొదటి గుణాన్ని ఫైబర్ లేజర్లలో పొట్టి పల్సులు పుట్టించడానికి వాడి చూశారు.

చిన్న గిన్నె, గంగాళం

అసలు విషయానికి వస్తున్నాను. బంగారు రేణువు మింగిన శక్తి ఎక్కడికి పోతుంది? దీని జవాబు ఎంతసేపటి గురించి అడుగుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

శక్తి మొదట ఎలక్ట్రాన్లకి చేరుతుంది. వాటి ఉష్ణధారణ చాలా తక్కువ. చిన్న గిన్నెలో నీళ్లు అదే మంట మీద క్షణాల్లో మరిగినట్టు, ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వేల డిగ్రీలకి ఎగుస్తుంది. అప్పటికి పరమాణువుల జాలకం గంగాళంలా చల్లగానే ఉంటుంది. ఒక పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు, ఫెమ్టోసెకను అందులో వెయ్యో వంతు. ఎలక్ట్రాన్లు తమలో తాము సర్దుకోవడానికి కొన్ని వందల ఫెమ్టోసెకన్లు. జాలకానికి వేడి అందించడానికి ఒకటి నుంచి కొన్ని పికోసెకన్లు. జాలకం నుంచి చుట్టూ ఉన్న నీళ్లకి చేరడానికి రేణువు సైజుని బట్టి పదుల నుంచి వందల పికోసెకన్లు. ఆ తర్వాత లేజర్ చుక్క పడిన చోట వేడెక్కిన నీళ్లు చల్లారాలి. 20 మైక్రాన్ల చుక్కకి అది మిల్లీసెకనుకి కాస్త తక్కువ. ఫెమ్టోసెకను ఈ వరసలో మొదటి మెట్టు అయితే మిల్లీసెకను చివరిది. రెండింటికీ మధ్య తేడా లక్ష కోట్ల రెట్లు.

కాబట్టి 100 ఫెమ్టోసెకన్ల పల్సుతో కొలిస్తే ప్రధానంగా ఎలక్ట్రాన్ల సంగతి తెలుస్తుంది. 7 నానోసెకన్ల పల్సు, అంటే 7,000 పికోసెకన్లు, ఇంకా నడుస్తుండగానే వేడి నీళ్లలోకి దిగిపోతుంది. తీవ్రత ఎక్కువైతే రేణువు చుట్టూ ఆవిరి బుడగలు లేచి కాంతిని చెదరగొడతాయి. నానోసెకన్ల లేజర్లతో కనిపించే 'అడ్డం పడే' గుణంలో ఈ బుడగల వాటా తక్కువేం కాదు. ఇక నిరంతరం వెలిగే లేజర్ పెడితే కనిపించేదంతా దాదాపు వేడి నీళ్ల కథే.

అందువల్ల 'బంగారం అరేఖీయ గుణకం ఎంత' అన్న ప్రశ్నకి ఒక్క అంకె జవాబు లేదు. 2014లో రాబర్ట్ బాయిడ్, జిమిన్ షి, ఇజ్రాయెల్ డి లియాన్ అప్పటిదాకా వచ్చిన కొలతల్ని ఒకచోట పెట్టి సమీక్షించారు. విలువల మధ్య పదులూ వందలూ దాటిన తేడాలు ఉన్నాయి, పల్సు నిడివి అందుకు ముఖ్యమైన కారణం. కొలిచినవాళ్లు తప్పు కొలిచారని కాదు. వేర్వేరు సంగతుల్ని కొలిచి ఒకే పేరు పెట్టారు.

ఎండమావి

ఆ అమ్మాయి చేసిన ప్రయోగం పేరు జడ్-స్కాన్. మన్సూర్ షేక్-బహాయీ, వాన్ స్ట్రైలాండ్ బృందం 1989లో ప్రచురించిన పద్ధతి. ఇంత సులువైన అమరికతో ఇంత చెప్పే ప్రయోగాలు ఫిజిక్స్‌లో అరుదు. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుందా? కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపితే చుక్క చిన్నదీ పెద్దదీ అవుతుంది. ఇక్కడ కాగితం బదులు ద్రావణం ఉన్న గాజు పెట్టె. లేజర్ కిరణాన్ని కటకంతో ఒక బిందువు దగ్గరికి చేర్చి, ఆ పెట్టెని బిందువుకి ముందు నుంచి వెనకకి మెల్లగా జరుపుతారు. లేజర్ శక్తి మారదు, కానీ పెట్టె ఉన్న చోటుని బట్టి దాని మీద తీవ్రత మారుతుంది. దూరంగా ఒక చిన్న రంధ్రం, దాని వెనక డిటెక్టరు.

వక్రీభవన గుణకం తీవ్రతతో మారితే, కిరణం మధ్యలో ఒక విలువ, అంచున ఒక విలువ అవుతుంది. అంటే ద్రావణమే ఒక కటకంలా పనిచేస్తుంది. గుణకం తగ్గేదైతే అది కిరణాన్ని విప్పే పుటాకార కటకం. బిందువుకి ముందు పెట్టె ఉన్నప్పుడు అది కిరణం కలిసే చోటుని కాస్త ముందుకి నెట్టి రంధ్రం గుండా ఎక్కువ కాంతిని పంపుతుంది. బిందువు దాటాక కిరణాన్ని ఇంకా విప్పేసి కాంతిని తగ్గిస్తుంది. ముందు శిఖరం, తర్వాత లోయ. ఆ అమ్మాయి గ్రాఫు అదే. రంధ్రం తీసేసి మొత్తం కాంతిని పోగుచేస్తే శోషణ సంగతి విడిగా తెలుస్తుంది.

కానీ ఆ అమ్మాయి వాడింది 50 మిల్లీవాట్ల నిరంతర ఆకుపచ్చ లేజర్. చుక్కలో తీవ్రత చదరపు సెంటీమీటరుకి కొన్ని వేల వాట్లు. ఇందాక చెప్పిన పల్సు కంటే లక్షల రెట్లు తక్కువ. ఆ క్షేత్రానికి ఎలక్ట్రాన్ల ఊగు హద్దు దాటదు. అయినా గ్రాఫు ఇంత చక్కగా ఎలా వచ్చింది?

వేసవిలో చిత్తూరు రోడ్డు మీద ఎదురుగా నీళ్లు నిలిచినట్టు కనిపిస్తాయి. తారు వేడికి దాని మీది గాలి పలచబడి, వక్రీభవన గుణకం తగ్గి, కిరణాలు వంగి ఆకాశాన్ని రోడ్డు మీద చూపిస్తాయి. ఎండమావి. ఆ గాజు పెట్టెలో జరిగిందీ అదే. బంగారం ఆకుపచ్చ కాంతిని మింగింది, వేడిని నీళ్లకి ఇచ్చింది, నీళ్లు వేడెక్కి వాటి గుణకం తగ్గింది. డిగ్రీకి సుమారు పదివేలో వంతు తగ్గుదల. అంత చాలు కటకం తయారవడానికి. ఇలా వచ్చిన మార్పుని సూత్రంలో పెడితే మామూలు సిలికా గాజు అరేఖీయ గుణకం కంటే కోట్ల రెట్లు పెద్ద అంకె వస్తుంది. ఆ అంకె చూసి 'కంప్యూటర్ల బదులు కాంతి స్విచ్చులు' అని రాయాలనిపిస్తుంది. కానీ మిల్లీసెకను పట్టే స్విచ్చు ఎవరికి కావాలి?

ఫెమ్టోసెకను లేజర్ ఉన్నంత మాత్రాన ఈ బెడద తప్పదు, చాలామంది ఇక్కడ కూడా పప్పులో కాలేస్తారు. ఆ లేజర్లలో చాలావాటి పల్సులు సెకనుకి 8 కోట్ల చొప్పున వస్తాయి. ఒక పల్సు వేడి చల్లారేలోపు 50 వేలకి పైగా కొత్త పల్సులు వచ్చి పడతాయి. వేడి పోగవుతూనే ఉంటుంది. పల్సు పొట్టిదైతే సరిపోదు, రెండు పల్సుల మధ్య ఎడం కూడా కావాలి. ఇంకో జాగ్రత్త రేణువు గురించి. పల్సు బలం ఎక్కువైతే బంగారు కడ్డీలు కరిగి గుండ్లుగా మారిపోతాయి. ప్రయోగానికి ముందూ తర్వాతా ద్రావణం శోషణ గ్రాఫు తీసి పోల్చకపోతే, ఉన్న రేణువుల్ని కొలిచామో, చచ్చిన రేణువుల్ని కొలిచామో తెలియదు.

నిజంగా పనికొచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2005లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం బృందం ఎలుక చెవి రక్తనాళాల్లో పారుతున్న బంగారు కడ్డీల్ని ఒక్కొక్కటిగా చూడగలిగింది. కడ్డీ ఒకేసారి రెండు పరారుణ ఫోటాన్లు మింగి, కంటికి కనిపించే కాంతిని వెదజల్లుతుంది. రెండు ఫోటాన్లు ఒకేసారి అందేంత తీవ్రత కిరణం కలిసే బిందువు దగ్గరే ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల చీకటి, ఆ చుక్క ఒక్కటే వెలుగు. ఇలా రెండు ఫోటాన్లు ఒకేసారి మింగొచ్చని 1931లోనే సిద్ధాంతంలో చెప్పింది మరియా గోపెర్ట్ మేయర్. లేజర్ వచ్చేదాకా దానికి ప్రయోగంలో రుజువు కోసం ముప్పయ్యేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయితే నా గ్రాఫు పనికిరాదా సార్?" అంది. పనికిరాకపోవడం ఏమిటి? అది వేడి కటకాన్ని అందంగా కొలిచిన గ్రాఫు. కాకపోతే అది వేడే అని రుజువు చేయాలి. నేను చెప్పబోయేలోపు తనే ఒక దారి ఆలోచించింది. బంగారం అదే ఉంచి ద్రావకం మారిస్తే? ఎలక్ట్రాన్ల గుణమైతే పెద్దగా మారకూడదు. వేడైతే ద్రావకంతో పాటు మారాలి. ఉష్ణోగ్రతకి వక్రీభవన గుణకం మారే వేగం ఇథనాల్‌లో నీళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు. వేడిని పక్కకి పంపే గుణం ఇథనాల్‌కి నీళ్లకి ఉన్నదాంట్లో మూడో వంతు కంటే తక్కువ. రెండూ కలిపి లెక్క కడితే ఇథనాల్‌లో వేడి కటకం పద్నాలుగు రెట్లు బలంగా ఉండాలి.

సిట్రేట్ పూత ఉన్న రేణువులు ఇథనాల్‌లో గుంపు కట్టి నీలంగా మారతాయి కాబట్టి, ముందు వాటికి పీవీపీ అనే పాలిమర్ పూత వేసుకుంది. రెండు సీసాలూ ఒకే ఎరుపులో ఉన్నాయని శోషణ గ్రాఫుతో సరిచూసుకుంది. ఇథనాల్ పెట్టెతో మొదటిసారి జరిపినప్పుడు డిటెక్టరు అంకెలు గ్రాఫు కాగితం దాటిపోయాయి. లేజర్ శక్తిని 5 మిల్లీవాట్లకి తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. పదో వంతు శక్తికే, నీళ్లలో వచ్చినంత శిఖరం, నీళ్లలో వచ్చినంత లోయ, ఇంకాస్త పెద్దగానే వచ్చాయి. మరుసటి రోజు రికార్డు పుస్తకంలో ఆ గ్రాఫు కింద 'ఎలక్ట్రానిక్' అన్న మాట కొట్టేసి 'ఉష్ణ కటకం, 532 నానోమీటర్లు, నిరంతర లేజర్, ద్రావకం ఇథనాల్' అని రాసి నా టేబుల్ మీద పెట్టింది.